మామిడి మెట్ట నుంచి కొల్లేటి లంకకు

నూజివీడు మామిడితోటల మీద కురిసిన వాన వాగులుగా సాగి చివరికి కొల్లేరుకే చేరుతుంది కనుక, ఆ సరస్సు నడుమ లంకగా నిలిచిన కొల్లేటికోటను చూడదలచినవారు ఈ మెట్ట నుంచే బయలుదేరడం సబబు. కాలువ నీరు ఎక్కని ఎత్తు నేలను మెట్ట అంటారు. చిన్నరసాలకు, పెద్దరసాలకు, బంగినపల్లికి పేరుపడిన ఈ మెట్టకు కేంద్రమైన నూజివీడు ఒకప్పుడు అప్పారావు బిరుదు ధరించిన మేకా వంశీయుల జమీందారీ. పనసకర్రతో వీణలు చేసే పనితనం ఇక్కడ నేటికీ ఉంది.

ఈ మెట్ట నుంచి ఏలూరు వైపు వస్తూ, ఆ పట్టణానికి ఉత్తరాన సుమారు 12 కిలోమీటర్ల దూరంలోని పెదవేగిని ఇవాళ చూసినవారికి అది మామూలు పల్లెగా తోచవచ్చు గాని, చిత్రరథస్వామి పేర సూర్యుణ్ణి కొలిచిన శాలంకాయనులకూ, 624లో కుబ్జ విష్ణువర్ధనుడితో మొదలైన తూర్పు చాళుక్యులకూ రాజధానిగా నిలిచిన వేంగి ఇదే. తెలుగు నేల చరిత్రలో ఇంతటి స్థానం ఉన్న ఊరికి రావలసినంత మంది యాత్రికులు రావడం లేదు. ఉత్తర సర్కారుల్లో ఒకటిగా లెక్కకెక్కిన ఏలూరును తమ్మిలేరు ఒరుసుకుంటూ పోతుంది. ఉన్ని తివాచీల నేతకు పేరుపొందిన ఈ పట్టణం దాటాక నేల చదునై, ఎటు చూసినా నీరే కనిపిస్తుంది.

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడిన కొల్లేరు మంచినీటి సరస్సు; బుడమేరు, తమ్మిలేరు వంటివి ఇందులోకి నీటిని తెస్తే, సముద్రానికి తీసుకుపోయేది ఉప్పుటేరు ఒక్కటే. చుట్టూ నీరున్న మెరక మీద వెలసిన ఊరిని లంక అంటారు. కైకలూరు మండలంలోని కొల్లేటికోట అటువంటిదే. గజపతుల కాలంలో ఇక్కడ కోట ఉండేదనీ, దానిని పట్టుకోలేని శత్రుసేన సరస్సు నీటిని తోడివేయడానికి ఉప్పుటేరును తవ్వించిందనీ స్థానికులు చెప్పుకుంటారు. అది నిరూపిత చరిత్ర కాకపోయినా, నీరే కోటగోడగా బతికిన ఊరి జ్ఞాపకం అందులో ఉంది. జలదుర్గగా కొలుపులందుకునే పెద్దింట్లమ్మకు ఫాల్గుణ మాసంలో జాతర జరుగుతుంది. పూర్వం దోనెల మీద దాటిన భక్తులు ఇప్పుడు ఆలపాడు వైపు నుంచి రోడ్డు మీదుగా వస్తున్నారు. మామిడి పిందె పట్టే ఆ రోజుల్లోనే, కైకలూరు దగ్గరి ఆటపాకలో గూడబాతులను కూడా చూడవచ్చు.

కొల్లేరు చుట్టూ సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తును సూచించే గీతను ఐదో కాంటూరు అంటారు. దాని లోపలి 308 చదరపు కిలోమీటర్ల మేర ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది, 2006లో చేపల చెరువుల గట్లను పెద్దఎత్తున కొట్టివేశారు. సరస్సులో గట్లు లేస్తే నీరు నిలవడానికి చోటు తగ్గుతుంది, పోవడానికి దారి మూసుకుపోతుంది. లంకల వారి బతుకు చేపల మీదే కనుక ఈ గట్ల సమస్య కేవలం చట్టంతో తీరేది కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద సైతం చేరవలసింది ఈ కొల్లేరుకే. కొల్లేటికోటకు వెళ్ళేవారు అమ్మవారి దర్శనంతో వెనుదిరగక, ఆ నీటి దారిని కూడా ఒకసారి చూసి రావాలి.