గమకం పలికే పెట్టె

హార్మోనియం మెట్టు ఒకటి నొక్కండి. ఒక స్వరం పలుకుతుంది. దాని పక్క మెట్టు నొక్కండి. మరొక స్వరం పలుకుతుంది. కాని ఆ రెండింటికీ మధ్య ఉన్న చోటు మాత్రం ఎంత నొక్కినా పలకదు. మన పాటకు ప్రాణం ఆ మధ్య చోటులోనే ఉంది! స్వరం ఊగుతూ, జారుతూ ఒకచోటి నుంచి మరొక చోటికి పోవటాన్నే గమకం అంటారు. ముఖ్యంగా ఈ గమకం పలకదనే 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియో హార్మోనియాన్ని తన కేంద్రాలలోకి రానివ్వలేదు.

ఈనాడు దుకాణాలలో అమ్మే ఎలక్ట్రానిక్ కీబోర్డుల మెట్లు కూడా అలాటివే. కొన్నింటికి స్వరాన్ని వంచటానికి పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది. అది లేకపోతే మెట్టు తరవాత మెట్టే.

వాయిద్యం మన పాటకు లొంగకపోతే ఏం చెయ్యాలి? పాటను మార్చుకోవాలా, వాయిద్యాన్ని మార్చుకోవాలా? ఈ ప్రశ్నకు జవాబు కొల్లేటి చుట్టుపక్కలే దొరుకుతుంది.

ఏలూరు జిల్లాలోని నూజివీడు వీణల తయారీకి పేరు పొందిన ఊరు. వీణకూ మెట్లున్నాయి, మొత్తం 24. అయినా మెట్టుమీద తీగను పక్కకు లాగితే, బిగువు పెరిగి స్వరం పైకి జారుతుంది. గమకం కోసమే మనవాళ్ళు వీణను అలా మలుచుకున్నారు.

తాడేపల్లిగూడేనికి ఆగ్నేయంగా పాలకొల్లు ఉన్నది. అక్కడ 1969లో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండలిన్ మీద ఆ పిల్లవాడి మనసు పడింది. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించటం రాదు. అందుచేత ఆయన పాడేవారు, పిల్లవాడు ఆ పాటను తీగలమీద వెతికి పట్టుకునేవాడు.

మాండలిన్ ఐరోపా నుంచి వచ్చిన వాయిద్యం. దానికి రెండేసి తీగల జతలు నాలుగు ఉంటాయి. జత తీగలను కలిపి లాగి గమకం పలికించటం కష్టం. మీటిన స్వరం కూడా ఇట్టే ఆగిపోతుంది. అందుచేత శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్ తీసుకుని, జతలు మానేసి, అయిదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. స్వరం నిలిచింది, గమకం వచ్చింది! 1978లో కొల్లేటికి అవతలి పక్కన ఉన్న గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో తొలి కచేరీ చేశాడు. అప్పటికి అతనికి తొమ్మిదేళ్ళు. తరవాత ఆయన పేరు దేశదేశాల్లో మోగింది. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014లో ఆయన కన్నుమూశారు.

ఇదంతా తీగలున్న వాయిద్యం కథ. తీగలు లేకుండా, విద్యుత్తు నుంచే స్వరాన్ని పుట్టించే వాయిద్యాలు కూడా ఉన్నాయి. వాటిని సింథసైజర్లు అంటారు. అమెరికాలో రాబర్ట్ మోగ్ అనే కుర్రవాడు పత్రికలో అచ్చయిన పటాలు చూసి, ఇంట్లోనే థెరిమిన్ తయారుచేశాడు. ముట్టుకోకుండా, గాలిలో చెయ్యి ఆడిస్తే పలికే వాయిద్యం అది. ఆ కుర్రవాడే పెద్దవాడై, 1964లో విడివిడి పెట్టెల సింథసైజరును రూపొందించాడు. ఒక పెట్టె స్వరాన్ని పుట్టిస్తుంది. ఒకటి జల్లెడలాగా దాన్ని వడగడుతుంది. ఒకటి ధ్వనిని పెంచి తగ్గిస్తుంది. ఇలాటి ఒక్కొక్క పెట్టెను మాడ్యూలు అంటారు. ఏ మాడ్యూలును దేనికి కలపాలో వాయించేవాడి ఇష్టం. మోగ్ అని పేరున్నవాడు మోగే పెట్టెలు చెయ్యటం మన తెలుగువాళ్ళకు తమాషాగానే ఉంటుంది!

శ్రీనివాస్ పుట్టిన 1969లోనే అలాటి మోగ్ యంత్రం ఒకటి మన దేశానికి వచ్చింది. అహమదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికా సంగీతజ్ఞుడు దాన్ని అమర్చాడు. గీతా సారాభాయి మొదలైనవారు దానిమీద కొత్త సంగీతం సృష్టించారు.

అంత పెద్ద యంత్రం మనకక్కర్లేదు. ఒక మాడ్యూలు మనమే చేసుకోవచ్చు. ముందు అందులో స్వరం ఎలా పుడుతుందో చూడండి.

బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెచ్చి కొల్లేటిలో పోస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. కెపాసిటరు కూడా చిన్న కొల్లేరే. అందులో నీటికి బదులు విద్యుత్తు నిండుతుంది. రెసిస్టరు ఇరుకు కాలువ. 555 అనే ఐ.సి. తూము దగ్గర కాపలాదారు. ఇతన్ని హాన్స్ కామెన్‌జిండ్ అనే శాస్త్రజ్ఞుడు 1971లో రూపొందించాడు. కెపాసిటరు మూడింట రెండు వంతులు నిండగానే కాపలాదారు తూము తెరుస్తాడు. మూడింట ఒక వంతుకు తగ్గగానే మూసేస్తాడు. ఇలా నిండటం, తగ్గటం సెకనుకు కొన్ని వందలసార్లు జరుగుతుంది. ప్రతిసారీ స్పీకరు పొర ముందుకూ వెనక్కూ కదులుతుంది. ఆ కదలికే మన చెవికి స్వరం.

కావలసినవి: 9 వోల్టుల బ్యాటరీ ఒకటి, 555 ఐ.సి. ఒకటి, 8 ఓముల చిన్న స్పీకరు, 1 కిలో ఓము రెసిస్టరు, 100 ఓముల రెసిస్టరు, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, 10 మైక్రోఫారడ్ కెపాసిటరు, ఎల్.డి.ఆర్. ఒకటి, వైర్లు, బ్రెడ్‌బోర్డు. ఎల్.డి.ఆర్. అంటే వెలుతురునుబట్టి మారే రెసిస్టరు: వెలుతురులో కాలువ వెడల్పవుతుంది, నీడలో ఇరుకవుతుంది. బ్రెడ్‌బోర్డు కన్నాలలో కాళ్ళు గుచ్చితే చాలు, టంకం పెట్టనక్కర్లేదు.

ఐ.సి. మీద ఒక చివర చిన్న గుంట ఉంటుంది. అది పైకి ఉండేలా పెట్టండి. ఎడమవైపు పైనున్న కాలు 1. అక్కడినుంచి కిందికి 2, 3, 4. కుడివైపు కిందినుంచి పైకి 5, 6, 7, 8.

1వ కాలును బ్యాటరీ మైనస్‌కూ, 4, 8 కాళ్ళను ప్లస్‌కూ కలపండి. 8కీ 7కీ మధ్య 1 కిలో ఓము రెసిస్టరు పెట్టండి. 7కీ 6కీ మధ్య ఎల్.డి.ఆర్. పెట్టండి. 6ను 2తో కలపండి. 2కీ మైనస్‌కూ మధ్య 0.1 కెపాసిటరు పెట్టండి. 3వ కాలుకు 100 ఓముల రెసిస్టరు, దానికి 10 మైక్రోఫారడ్ కెపాసిటరు ప్లస్ కాలు, దాని మైనస్ కాలుకు స్పీకరు, స్పీకరు రెండో వైరు బ్యాటరీ మైనస్‌కూ కలపండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: బ్యాటరీ తప్ప, గోడలోని కరెంటు దీనికి ఎన్నడూ ఇవ్వకూడదు.

ఇప్పుడు ఎల్.డి.ఆర్. మీద చెయ్యి అడ్డంపెట్టి, మెల్లగా పైకి ఎత్తండి. నీడ తగ్గుతున్నకొద్దీ స్వరం జారుతూ పైకి పోతుంది. మధ్యలో మెట్లు లేవు! చెయ్యి కొంచెం వణికిస్తే స్వరం ఊగుతుంది. ఎల్.డి.ఆర్.ను పూర్తిగా మూసి చీకటి చేస్తే స్వరం దిగి దిగి, చివరకు టక టక మని దెబ్బలుగా విడిపోతుంది. చూశారా? వేగంగా పడిన దెబ్బలే స్వరం, నిదానంగా పడిన స్వరమే తాళం.

5వ కాలు ఖాళీగా ఉన్నది కదా? ఏ మట్టం దగ్గర తూము తెరవాలో కాపలాదారుకు చెప్పేది అదే. ఇలాటి మాడ్యూలు ఇంకొకటి చెయ్యండి. ఈసారి ఎల్.డి.ఆర్.కు బదులు 47 కిలో ఓముల రెసిస్టరు, 0.1 కెపాసిటరుకు బదులు 10 మైక్రోఫారడ్ కెపాసిటరు పెట్టండి. దాని మైనస్ కాలు మైనస్‌వైపే ఉండాలి. దీనికి స్పీకరు వద్దు. రెండు మాడ్యూళ్ళకూ ఒకే బ్యాటరీ ఇచ్చి, రెండోదాని 3వ కాలును 10 కిలో ఓముల రెసిస్టరు ద్వారా మొదటిదాని 5వ కాలుకు కలపండి. సెకనుకు ఒకటిన్నర సార్లు మట్టం మారుతుంది. దానితోపాటు స్వరం పైకీ కిందికీ గెంతుతుంది. ఒక పెట్టె మరొక పెట్టెకు వోల్టులతో ఆజ్ఞ ఇవ్వటమంటే ఇదే. మోగ్ యంత్రం నడిచింది కూడా ఈ కిటుకుతోనే.

రెండో మాడ్యూలు గెంతటమే చేస్తుంది, మీ చెయ్యి జారగలదు. కనక ముందు చేతికి నేర్పండి. ఇంట్లో పాడేవారుంటే ఒక షడ్జమం పాడమని, మీ పెట్టెతో దాన్ని పట్టుకోండి. తరవాత పంచమం దాకా ఆగకుండా జారండి. కిటికీలో వెలుతురు మారితే స్వరస్థానం కూడా మారుతుంది, చెవితో మళ్ళీ వెతుక్కోవాలి. అట్ట గొట్టం తొడుగుతారో, వేళ్ళకు కన్నాలు చేస్తారో, దీపం పక్కన పెట్టుకుంటారో, మీ చేతికీ మీ పాటకూ తగినట్టు పెట్టెను మార్చుకోండి.