రెండు సర్వర్లు కలిపి చూడండి.. ఇంటర్వ్యూలో తడబడరు!

ఎస్‌క్యూఎల్‌ లేని రెజ్యూమే ఈ రోజుల్లో అరుదు. జాయిన్లు, నార్మలైజేషన్‌ గురించి అడిగితే చాలామంది గడగడా చెప్పేస్తారు. ‘డేటాబేస్‌ ఉన్న సర్వర్‌ అర్ధరాత్రి ఆగిపోతే ఏం చేస్తారు?’ అంటే మాత్రం నోరు పెగలదు. డీబీఏ, క్లౌడ్‌, ప్రొడక్షన్‌ సపోర్ట్‌ ఉద్యోగాల్లో అసలు పని మొదలయ్యేది ఈ ప్రశ్న దగ్గరే. దీనికి జవాబు బట్టీ పట్టక్కర్లేదు. ఓ వారాంతం కేటాయిస్తే మీ ల్యాప్‌టాప్‌లోనే డేటాబేస్‌ రెప్లికేషన్‌ చేసి చూడొచ్చు.

అసలేమిటిది?

ఒక సర్వర్‌లో జరిగిన ప్రతి మార్పూ తనంతట తానే రెండో సర్వర్‌కు చేరడమే రెప్లికేషన్‌. మార్పులు ముందు జరిగేది సోర్స్‌లో, వాటిని అందుకునేది రెప్లికా. పాత పుస్తకాల్లో వీటినే మాస్టర్‌, స్లేవ్‌ అన్నారు.

పక్కవాళ్ల ల్యాబ్‌ రికార్డు చూసి రాసుకోవడం లాంటిదే ఇది. మైఎస్‌క్యూఎల్‌లో సోర్స్‌ తన మార్పులను బైనరీ లాగ్‌లో వరుసగా రాసుకుంటుంది. రెప్లికాలోని ఒక థ్రెడ్‌ వాటిని తెచ్చి రిలే లాగ్‌లో పెడుతుంది. ఇంకో థ్రెడ్‌ వాటిని తన టేబుళ్లలో అమలు చేస్తుంది. మామూలు సెట్టింగుల్లో సోర్స్‌ రెప్లికా కోసం ఆగదు. అందుకే రెప్లికా కాస్త వెనకబడొచ్చు. దీన్నే రెప్లికేషన్‌ ల్యాగ్‌ అంటారు.

ఇలా మొదలుపెట్టండి

వర్చువల్‌బాక్స్‌లో రెండు ఉబుంటు మెషీన్లు పెట్టుకోండి. రెండింటిలోనూ ఒకే వెర్షన్‌ మైఎస్‌క్యూఎల్‌ (8.0 లేదా 8.4) ఇన్‌స్టాల్‌ చేయండి.

* కొత్తగా ఇన్‌స్టాల్‌ చేసిన ప్రతి సర్వర్‌కూ సర్వర్‌ ఐడీ 1 అనే ఉంటుంది. రెండింటికీ ఒకటే ఐడీ ఉంటే రెప్లికేషన్‌ నడవదు. రెప్లికాకు 2 ఇవ్వండి. ఒక మెషీన్‌ను క్లోన్‌ చేసి రెండోది తయారుచేసుంటే, రెప్లికాలోని ‘ఆటో.సీఎన్‌ఎఫ్‌’ ఫైల్‌ తీసేసి రీస్టార్ట్‌ చేయండి. కొత్త యూయూఐడీ వస్తుంది.

* ఉబుంటులో మైఎస్‌క్యూఎల్‌ మొదట 127.0.0.1 మీదే వింటుంది. సోర్స్‌లో ‘బైండ్‌ అడ్రస్‌’ మార్చి, 3306 పోర్టును రెప్లికాకు మాత్రమే తెరవండి.

* సోర్స్‌లో రెప్లికేషన్‌ కోసం విడిగా ఒక యూజర్‌ను సృష్టించండి. ‘రెప్లికేషన్‌ స్లేవ్‌’ అనుమతి ఇస్తే చాలు. ఈ అనుమతికి ఇంకా పాత పేరే ఉంది.

* ‘సింగిల్‌ ట్రాన్సాక్షన్‌’, ‘సోర్స్‌ డేటా’ ఆప్షన్లతో డంప్‌ తీసి రెప్లికాలో లోడ్‌ చేయండి. లాగ్‌లో ఎక్కణ్నుంచి అందుకోవాలో ఆ డంప్‌లోనే ఉంటుంది.

* రెప్లికాలో ‘చేంజ్‌ రెప్లికేషన్‌ సోర్స్‌ టు’ కమాండ్‌తో సోర్స్‌ అడ్రస్‌, యూజర్‌, పాస్‌వర్డ్‌తో పాటు డంప్‌లో ఉన్న లాగ్‌ ఫైల్‌ పేరు, స్థానం కూడా ఇవ్వండి. పాస్‌వర్డ్‌ సరిగానే ఉన్నా లాగిన్‌ ఎర్రర్‌ వస్తే ‘గెట్‌ సోర్స్‌ పబ్లిక్‌ కీ’ విలువ 1 చేయండి. తర్వాత ‘స్టార్ట్‌ రెప్లికా’.

‘షో రెప్లికా స్టేటస్‌’లో రెండు థ్రెడ్లకూ ‘యెస్‌’ కనిపించాలి. ఇప్పుడు సోర్స్‌లో ఒక రో చేర్చి, రెప్లికాలో వెతకండి. కనిపించిందా? సగం పని అయినట్టే!

మీరే చెడగొట్టండి

మిగతా సగం చెడగొట్టి బాగుచేయడం. రెప్లికాలో నేరుగా ఒక రో చేర్చండి. అదే ప్రైమరీ కీతో సోర్స్‌లోనూ చేర్చండి. 1062 ఎర్రర్‌తో రెప్లికా ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో స్టేటస్‌లో చదివి, రెప్లికాలో అదనంగా చేర్చిన రో తీసేసి మళ్లీ నడిపించండి. ఆ తర్వాత ‘సూపర్‌ రీడ్‌ ఓన్లీ’ ఆన్‌ చేస్తే రెప్లికాలో పొరపాటున కూడా ఎవరూ రాయలేరు.

ఇంకో ప్రయోగం. సోర్స్‌లో ఒక టేబుల్‌ను డ్రాప్‌ చేయండి. కాసేపటికే రెప్లికాలోనూ మాయమవుతుంది. చూసి రాసే రికార్డులోకి తప్పు కూడా ఎక్కినట్టే! అందుకే రెప్లికేషన్‌ బ్యాకప్‌ కాదు.

గిట్‌ల్యాబ్‌ నేర్పిన పాఠం

ఈ తేడా ఎంత ఖరీదైనదో 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌ సంస్థకు తెలిసొచ్చింది. అక్కడి డేటాబేస్‌ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌. రెండో సర్వర్‌ బాగా వెనకబడి రెప్లికేషన్‌ ఆగిపోయింది. దాన్ని మొదటి నుంచి సరిచేసేందుకు రెండో సర్వర్‌లో డేటా ఫోల్డర్‌ తీసేయబోయిన ఇంజినీర్‌, పొరపాటున ప్రధాన సర్వర్‌లో తీసేశారు. వెంటనే ఆపినా సుమారు 300 జీబీ పోయింది. రోజూ జరగాల్సిన బ్యాకప్‌లు సాఫ్ట్‌వేర్‌ వెర్షన్ల తేడాతో విఫలమవుతున్నాయని అప్పుడే బయటపడింది. దాదాపు 6 గంటల ముందు తీసిన స్నాప్‌షాట్‌ ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. ఆ తర్వాత డేటాబేస్‌లో జరిగిన మార్పులు మాత్రం తిరిగి రాలేదు. ఈ వివరాలన్నీ ఆ సంస్థే ప్రజల ముందుంచింది.

రెజ్యూమేలో ఎలా?

‘రెప్లికేషన్‌ తెలుసు’ అని రాసి వదిలేయొద్దు. ఏ వెర్షన్‌లో చేశారు, ఏ ఎర్రర్‌ వచ్చింది, ఎలా సరిచేశారు అనేవి రెండు లైన్లలో రాయండి. ఇంటర్వ్యూలో తర్వాతి ప్రశ్నలు అక్కణ్నుంచే వస్తాయి. చేసిన పని కాబట్టి జవాబులు మీ దగ్గరే ఉంటాయి. ‘బ్యాకప్‌ సంగతేంటి?’ అని అడిగితే.. తీసిన బ్యాకప్‌ను వేరే మెషీన్‌లో రీస్టోర్‌ చేసి చూశానని చెప్పగలగాలి. ఆ పనీ ఇదే వారాంతంలో పూర్తిచేయండి.