ఇల్లందు ‘బొగ్గుట’: గని పట్టణ సందర్శన – వారసత్వ దృక్పథం

ఉపోద్ఘాతం

ఓరుగల్లు ప్రాంత పర్యటన అనగానే కోట, వేయిస్తంభాల గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన రామప్ప దేవాలయం స్ఫురిస్తాయి. వీటి సరసన శ్రామికుల పట్టణాలను నిలిపి చూసే అలవాటు తక్కువ. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడేవరకు వరంగల్ జిల్లాలో అంతర్భాగంగా ఉన్న ఇల్లందు అటువంటి పట్టణమే. స్థానికులు ‘బొగ్గుట’ అని పిలుచుకునే ఈ ఊరు సింగరేణి బొగ్గు పరిశ్రమకు పుట్టినిల్లు. ఒక గని పట్టణాన్ని వారసత్వ స్థలంగా సందర్శించడమంటే ఏమిటో ఇల్లందు ఆధారంగా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

చారిత్రక నేపథ్యం

భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లందు సమీపాన బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. ఒక ప్రధాన బొగ్గుపొరకు నేటికీ ఆయన పేరే ఉంది. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1889లో భూగర్భ తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. సమీపంలోని సింగరేణి గ్రామం పేరు సంస్థకు స్థిరపడగా, తొలి గనులను కన్న ఇల్లందు పేరు వెనుకబడింది. బొగ్గు రవాణా కోసమే డోర్నకల్ నుంచి కారేపల్లి మీదుగా రైలుమార్గం ఇక్కడికి వచ్చింది. అంటే ఈ పట్టణ స్వరూపాన్ని నిర్ణయించినవి గని, రైలు పట్టాలే.

సందర్శన మార్గం

వరంగల్ నుంచి ఇల్లందు వెళ్ళే దారిలోనే వివిధ యుగాల చరిత్ర ఎదురవుతుంది. బయ్యారం చెరువు కాకతి గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించినది. అక్కడి శాసనం కాకతీయ వంశక్రమ నిర్ధారణకు ముఖ్యాధారం. డోర్నకల్‌లో భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అయిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య నిర్మింపజేసిన కెథడ్రల్ ఉంది. దేశీయ వాస్తురీతులు మేళవించిన ఈ ఆలయం 1939లో ప్రతిష్ఠితమైంది. చెరువు, చర్చి, గని అనే ఈ మూడింటినీ కలిపి చూస్తే వ్యవసాయం, మతం, పరిశ్రమ ఒకే నేలను ఎలా మలిచాయో బోధపడుతుంది.

వేల్స్ అనుభవం

వేల్స్‌లోని బ్లేనావన్ పట్టణంలో ‘బిగ్ పిట్’ గని 1980లో మూతపడి, 1983లో మ్యూజియంగా తెరుచుకుంది. ఆ పారిశ్రామిక ప్రాంతం 2000లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. సందర్శకులు అగ్గిపెట్టెలు, బ్యాటరీ వస్తువులు పైనే అప్పగించి, తలదీపంతో సుమారు 90 మీటర్ల లోతుకు దిగుతారు. దారి చూపేవారు పూర్వ గని కార్మికులే కావడం దాని ప్రత్యేకత. అయితే అక్కడి బొగ్గులోయల స్మృతిలో దుఃఖానికీ చోటుంది. 1966లో ఆబర్‌ఫాన్‌లో బొగ్గు వ్యర్థాల గుట్ట జారి పాఠశాలపై పడినప్పుడు 116 మంది పిల్లలతో సహా 144 మంది మరణించారు. ఆ ఊరి స్మారక వనం, సమాధులు కూడా లోయ చరిత్రలో భాగాలే.

ఇల్లందు ఎదుట ఉన్న సమస్య

రెండు ప్రాంతాల మధ్య ముఖ్యమైన భేదం ఒకటుంది. వేల్స్‌లో గనులు మూతపడ్డాక కట్టడాలు మిగిలాయి. సింగరేణి ప్రాంతంలో పరిశ్రమ సజీవంగా ఉంటూనే భూగర్భ గనుల నుంచి ఉపరితల గనుల వైపు మళ్ళింది. పాత సొరంగాలున్న చోటే ఉపరితలం నుంచి తవ్వితే సొరంగపు ఆనవాళ్ళతో పాటు పై నేల, పరిసరాల ఆకృతి కూడా మారిపోతాయి. అప్పుడు భద్రపరచడానికి స్థలమే ఉండదు.

స్థలంతో పాటు భాష కూడా అంతరిస్తుంది. గనిని ‘బాయి’ అనడం, తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన కాలపు పదజాలం, టబ్బు, మస్టరు, షిఫ్టు వంటి మాటల వెనుక ఉన్న అనుభవం విశ్రాంత కార్మికుల జ్ఞాపకాల్లోనే ఉన్నాయి. కంపెనీ దస్తావేజులు ఉత్పత్తి లెక్కలు చెప్పగలవు గాని, తొలిసారి చీకట్లోకి దిగిన మనిషి భయాన్ని చెప్పలేవు. ఆ సాక్ష్యం మౌఖికంగానే లభిస్తుంది.

ముగింపు

ఇల్లందును సందర్శన స్థలంగా తీర్చిదిద్దడం ఉద్యానవనాలు, బొమ్మలతో పూర్తయ్యే పని కాదు. మిగిలిన గని ముఖద్వారాలు, రైలు ఆవరణలు, కార్మిక నివాసాలను నమోదు చేయాలి. విశ్రాంత కార్మికులనే వ్యాఖ్యాతలుగా నిలపాలి. ప్రమాదాల్లో మరణించినవారి స్మృతికి చోటివ్వాలి. విశ్వవిద్యాలయాల చరిత్ర, భాషాశాస్త్ర శాఖలు కలిసి మౌఖిక చరిత్రను సేకరిస్తే ఆ పనికి పునాది పడుతుంది. కట్టడాన్ని కొంతకాలం తరువాతైనా పునరుద్ధరించవచ్చు. కార్మికుని కథనం ఆయనతో పోతే తిరిగి రాదు. కనుక సేకరణ మొదలు కావలసింది అక్కడినుంచే.