రోహిణిలో రొట్టెల పండగ

నెల్లూరు స్వర్ణాల చెరువులో దిగి, కోరిక పేరున రొట్టెలు మార్చుకునేవాళ్లను కాసేపు గమనిస్తే, ఆ గుంపులో ఎలాంటి మనుషులున్నారో తెలిసిపోతుంది. ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె సంగతి అలా ఉంచండి. ఆరోగ్య రొట్టె కోసం వచ్చేది ఒంట్లో బాగాలేని మనిషి, లేదా ఆ మనిషిని వెంటబెట్టుకొచ్చిన ఇంటివాళ్లు. సంతాన రొట్టె పట్టుకున్న ఆమెకు అప్పటికే నెల తప్పి ఉండొచ్చు, ఆ సంగతి ఆమెకే తెలియకపోవచ్చు. రాత్రంతా బస్సులో కూర్చుని, పొద్దున టిఫిన్ మానేసి, షుగర్ మాత్ర మాత్రం వేసుకొచ్చిన పెద్దాయనా అక్కడే ఉంటాడు. బారాషహీద్ దర్గా దగ్గర లక్షల మంది చేరే ఈ పండగకు వైద్య శిబిరాలు పెడతారు, 108 బండ్లు నిలబెడతారు, గట్టున గజ ఈతగాళ్లను ఉంచుతారు. మరి వాళ్ల పక్కన వాలంటీరుగా నిలబడే పారామెడికల్ విద్యార్థికి ఏం తెలిసి ఉండాలి?

ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంచడానికైతే కాలేజీ చదువు అక్కర్లేదు. అయినా టోపీ, బ్యాడ్జీ తగిలించి పిల్లల్ని ఆ పనికే నిలబెట్టడం మామూలైపోయింది. ఆసుపత్రి పోస్టింగుల్లోనూ కొన్నిచోట్ల అదే తంతు: స్ట్రెచర్ తొయ్యడం, రిపోర్టులు మొయ్యడం, నెలాఖరున లాగ్‌బుక్‌లో సంతకం. సిబ్బంది లేని లోటును విద్యార్థులతో పూడ్చి, దానికి శిక్షణ అని పేరు పెట్టడం నాకు మింగుడు పడదు.

పోస్టింగుకు సిద్ధం కావడం క్యాజువాలిటీ గడప తొక్కిన రోజున మొదలయ్యే పని కాదు. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తికావడానికే ఆరు నెలలు పడుతుంది. కాలేజీలో చేరిన వారంలోనే మొదటి సూది పడాలి. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టకూడదని, దాన్ని తెల్లడబ్బాలోనే వెయ్యాలని పరీక్షలో అందరూ రాస్తారు. అదే సూది వేలికి గుచ్చుకున్నప్పుడు ఎంతమంది నోరు విప్పుతారు? వేలు పిండకుండా సబ్బునీళ్లతో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, రెండు గంటల్లోపైతే మరీ మంచిది. సిస్టర్ కేకలేస్తుందన్న భయంతో దాచుకున్న పిల్లకు ఆ గడువు కాస్తా దాటిపోతుంది. "గుచ్చుకుంది సార్" అని చెప్పడం విద్యార్థులకు, విని తిట్టకుండా ఉండటం పెద్దవాళ్లకు నేర్పాలి.

చెవి కూడా తయారు కావాలి. "గ్యాస్ పట్టేసింది నాయనా, సోడా తాగినా తగ్గలా" అంటాడొక రైతు. ఆ గ్యాస్ గుండెపోటు కావచ్చు. ఛాతీనొప్పికి పది నిమిషాల్లో ఈసీజీ తియ్యాలని పుస్తకం చెబుతుంది. రోగి మాత్రం గాబరాగా ఉండాది అంటాడు, చెయ్యి లాగతా ఉండాది అంటాడు. విన్నది డ్యూటీ డాక్టరుకు అర నిమిషంలో ఒప్పజెప్పగలగాలి: ఎవరు, ఏమైంది, బీపీ, నాడి ఎంత, మనమేం చేశాం.

మైపాడు తీరంలో ఇంకో చిక్కు. నీళ్లలో మునిగినవాణ్ని భుజాన తలకిందులుగా వేసుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం పాత అలవాటు. దాంతో నిమిషాలు వృథా అవుతాయి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మునకలో గుండె కంటే ముందు ఆగేది ఊపిరి. కాబట్టి ముందు నోట్లోకి గాలి ఊది, తర్వాత నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ నొక్కాలి. బొమ్మ మీద ఇది ఇట్టే వచ్చేస్తుంది. బొమ్మ పక్కన ఏడ్చే తల్లి ఉండదు, "కడుపు నొక్కరా" అని అరిచే పదిమంది ఉండరు. మునిగినవాణ్ని ముందుగా బయటికి లాగేది బెస్తవాళ్లే కాబట్టి, విద్యార్థులు వాళ్ల పల్లెలకు వెళ్లి ఇది నేర్పితే అంతకంటే మంచి వాలంటీరు పని లేదు.

2022 డిసెంబరు 28న కందుకూరు రోడ్‌షో తొక్కిసలాటలో ఎనిమిది మంది చనిపోయారు. అప్పుడది నెల్లూరు జిల్లా. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర ఆరుగురు. ఇలాంటి గుంపు ఒత్తిడిలో ఛాతీ విచ్చుకునే చోటు లేక, నిలబడ్డ మనిషికి నిలబడ్డట్టే ఊపిరాగిపోవచ్చు. కేకలు విన్నవైపు పరుగెత్తాలనిపిస్తుంది. కేకేస్తున్నాడంటే వాడికి ఇంకా ఊపిరాడుతోంది. నిమిషానికి ముప్పైకి మించి శ్వాస తీస్తున్నవాడికి, మణికట్టు దగ్గర నాడి అందనివాడికి, చెప్పిన మాట చెయ్యలేనివాడికి ముందు ఎర్రచీటీ, నడవగలిగినవాడికి పచ్చచీటీ. 1983లో కాలిఫోర్నియాలో తయారైన ఈ పద్ధతిని కాలేజీ గ్రౌండులో, తోటి విద్యార్థులనే క్షతగాత్రులుగా పడుకోబెట్టి ఒక పూటలో సాధన చెయ్యొచ్చు. గుంపులోకి ఒంటరిగా చొరబడకూడదన్నది అన్నిటికంటే ముందు చెప్పాలి.

డాక్టర్లు కానివాళ్లకు ప్రాణం కాపాడే పని నేర్పడం నెల్లూరుకు కొత్త కాదు. కమ్యూనిస్టు నాయకుడు సుందరయ్య తమ్ముడు డాక్టర్ పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి నడిపిన ప్రజావైద్యశాల, పల్లె కుర్రాళ్లకు ప్రాథమిక వైద్యంలో తర్ఫీదిచ్చి తిరిగి పల్లెలకే పంపింది. అమెరికాలో పిట్స్‌బర్గ్ నల్లజాతి యువకులు 1967లో ఏర్పడిన ఫ్రీడమ్ హౌస్ అంబులెన్సుల్లో ఇలాంటి పనే చేశారు. మన 108 రోడ్డెక్కింది 2005 ఆగస్టు 15న. 2021లో వచ్చిన కేంద్ర చట్టం అనుబంధ ఆరోగ్య వృత్తులకు కనీసం 2,000 గంటల చదువు ఉండాలంది. డాక్టరు పర్యవేక్షణలో చేసిన పండగ డ్యూటీని కూడా ఆ గంటల్లో లెక్కగట్టాలి. అప్పుడే ఆ లాగ్‌బుక్ సంతకానికి విలువ.

ఇక ఎండ సంగతి. ఈ పండగ జరిగే మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024, 2025లో జులైలో జరిగిన రొట్టెల పండగ 2028లో జూన్ మొదటి వారానికి, అంటే రోళ్లు పగిలే రోహిణి కార్తెలోకి వచ్చేస్తుంది. ఆ తర్వాత మే నెలే. ఒళ్లు 40 డిగ్రీలు దాటి, మాట తడబడిందంటే వడదెబ్బ. పారాసెటమాల్ పనిచెయ్యదు, స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పొయ్యకూడదు. ముందు తొట్టెలోనో, తడిగుడ్డలూ ఫ్యాన్లతోనో చల్లబరచి, ఆ తర్వాతే అంబులెన్సు ఎక్కించాలి. ఇప్పుడు మొదటి ఏడాది పాఠాలు వింటున్నవాళ్లే అప్పటికి శిబిరంలో ఉంటారు. తొట్టెలు ఎన్ని, ఐసు ఎక్కడినుంచి, కరెంటు పోతే ఫ్యాన్లు తిరిగేదెట్లా అన్నవి ఇప్పటినుంచే వాళ్ల చేత రాయించొచ్చు.