అర్జీలో ఒక్క 'అంటే' చాలు

మేం దుబాయిలో కంపెనీ ఆఫీసుల్లో గుమాస్తా పని చేసేవాళ్ళం. క్యాంపుల నుంచి మీరు రాసి పంపే ఇంగ్లీషు అర్జీలు ముందుగా వచ్చేది మా బల్ల మీదికే. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆ మధ్య ఒక తాపీ పని తమ్ముడు కాగితం ఇచ్చాడు. "ఐ వాంట్ టు లీవ్ ఆన్ ఫిఫ్త్ జూన్" అని ఒకటే వాక్యం. చెల్లెలి పెళ్ళికి సెలవు కావాలని అతని ఉద్దేశం. ఇంగ్లీషులో 'లీవ్' అంటే సెలవూ అవుతుంది, వదిలిపోవడమూ అవుతుంది. ముందు 'టు' చేరేసరికి వదిలిపోవడమే అయింది. వీసా రద్దు కాగితాలు తయారయ్యాయి. సంతకానికి పిలిచినప్పుడు గానీ అతనికి సంగతి తెలియలేదు. దాన్ని ఆపించడానికి మాకు రెండు రోజులు పట్టింది.

ఆ వాక్యం కింద ఇంకొక్క వాక్యం ఉంటే ఈ తిప్పలు లేవు: "దట్ ఈజ్, ఐ నీడ్ థర్టీ డేస్ యాన్యువల్ లీవ్. ఐ విల్ కమ్ బ్యాక్ ఆన్ ఫిఫ్త్ జులై."

చెప్పిందే మరో విధంగా చెప్పడం మనకు కొత్త కాదు. ఊళ్ళో ప్రామిసరీ నోటు మీద 5,000 అని అంకె వేసి, పక్కనే 'అక్షరాలా అయిదు వేల రూపాయలు మాత్రమే' అని రాస్తాం కదా. ఇదీ అంతే. గుర్తుంచుకోవాల్సినవి మూడు.

దట్ ఈజ్: 'అంటే' అని. లెక్క విడదీసి చెప్పడానికి పనికొస్తుంది. "మై శాలరీ ఈజ్ ట్వెల్వ్ హండ్రెడ్ దిర్హమ్స్, దట్ ఈజ్, ఎయిట్ హండ్రెడ్ బేసిక్ అండ్ ఫోర్ హండ్రెడ్ అలవెన్స్." ఇది చిన్న విషయం కాదు. 2022లో అమలులోకి వచ్చిన యూఏఈ కార్మిక చట్టం ప్రకారం ఓవర్‌టైమ్ లెక్క బేసిక్ మీదే, దానికి కనీసం 25 శాతం కలిపి. సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే.

నేమ్లీ: పేర్లు వరసగా చెప్పడానికి. "టూ మంత్స్ శాలరీ ఈజ్ పెండింగ్, నేమ్లీ, మార్చ్ అండ్ ఏప్రిల్." 'లాస్ట్ టూ మంత్స్' అని ఊరుకుంటే, అర్జీ చదివే రోజును బట్టి నెలలు మారిపోతాయి.

ఇన్ అదర్ వర్డ్స్: 'మరో మాటలో చెప్పాలంటే' అని. పెద్ద సంగతి చెప్పాక, దాని సారం ఒక్క ముక్కలో చెప్పడానికి.

రెండు జాగ్రత్తలు. ఈ మాటల తర్వాత కొత్త కోరిక పెట్టకండి. పైన చెప్పిందే కింద ఉండాలి. పైన సెలవు అడిగి, 'దట్ ఈజ్' అని కింద జీతం పెంచమంటే చదివేవాడు తికమక పడతాడు. అలాగే ప్రతి వాక్యానికీ తగిలించకండి. అర్జీకి ఒకటి రెండు చాలు.

ఎక్కడ పెట్టాలో తెలియకపోతే, రాసింది గదిలోని పక్క మంచం అన్నకు తెలుగులో చెప్పి చూడండి. ఆయన "అంటే?" అని ఎక్కడ అడిగితే అక్కడ పెట్టండి. చివరగా తేదీ వేసి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. మా బల్ల దాటాక మీ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.