ఉడుత సాయం

పిల్లవాడు చేతి యంత్రం మీదికి వంగి రెప్ప వాల్చకుండా కూర్చుంటే, పెద్దవాళ్లం "మళ్లీ ఆటలో పడ్డాడు" అని విసుక్కుంటాం. వీడియో ఆట అనగానే వ్రేళ్ల చురుకే గాని బుద్ధితో పని లేదని మన అభిప్రాయం. కాని చేతి చురుకుతో పని లేని వీడియో ఆటలు కూడా వున్నవి. చదరంగంలో లాగా ఎత్తుకు పైయెత్తు ఆలోచించి వేయడమే వాటిలో వున్న కిటుకు. పోకెమాన్ అటువంటిది.

దీని పుట్టుక జపానులో, 1996లో. కల్పించినవాడు సతోషి తాజిరి. చిన్నతనంలో పురుగులను పట్టి పోగుచేసే సరదా ఆయనకు వుండేది. ఆ సరదాయే ఆటకు బీజమైంది. మొదట 151 వింత జంతువులు; ఇప్పుడు వాటి సంఖ్య వేయి దాటింది. వాటిని పట్టి, పెంచి, శిక్షణ యిచ్చి, ఎదుటివాని జంతువుల మీదికి పంపాలి. ప్రపంచస్థాయిలో పోటీలు కూడా జరుగుతున్నవి.

2014 ఆగస్టులో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఆ పోటీ జరిగింది. పెద్దల విభాగంలో గెలిచినవాడు దక్షిణ కొరియాకు చెందిన సే జున్ పార్క్. అతడు గెలిచినందుకు కాదు, అతని జట్టులో ఒక ఉడుత వున్నందుకు లోకం ముక్కున వేలేసుకుంది. దాని పేరు పచిరిసు. బుగ్గల్లో విద్యుత్తు దాచుకునే చిన్న ప్రాణి. పోటీలకు వచ్చేవారు సాధారణంగా దాని వంక కన్నెత్తి చూడరు. ప్రాణం, దాడి, రక్షణ, ప్రత్యేక దాడి, ప్రత్యేక రక్షణ, వేగం - ఈ ఆరు లక్షణాలకూ ఆటలో అంకెలు వున్నవి. పచిరిసు అంకెలన్నీ కూడితే 405. అదే జట్టులోని గార్‌చోంప్ అనే మృగానికి 600, గ్యారడోస్ అనే సముద్రసర్పానికి 540. అటువంటి ఘనుల నడుమ ఈ ఉడుత యెందుకు?

ఇది తెలియాలంటే ఆట ధర్మం కొంచెం తెలియాలి. జంతువులన్నీ 18 జాతులుగా వున్నవి. ఒక్కొక్కదానికి ఒకటో రెండో జాతులు. నీరు నిప్పును ఆర్పుతుంది, నిప్పు మొక్కను కాలుస్తుంది, మొక్క నీటిని పీల్చేస్తుంది. విద్యుత్తు నేలజాతిని తాకలేదు. నేలజాతి దెబ్బ ఎగిరేవాటికి తగలదు. గిట్టని జాతి దెబ్బ రెట్టింపు పడుతుంది. రెండు జాతులకూ గిట్టనిదైతే నాలుగు రెట్లు. అందుచేత ఎంత బలవంతునికైనా ఒక గండం వుండనే వున్నది. ఆరుగురు బలవంతులను పోగుచేస్తే ఆరు గండాలను పోగుచేసినట్టే!

గ్యారడోస్ సంగతి చూడండి. అది నీటిజాతి, ఎగిరేజాతి కూడా. రెండింటికీ విద్యుత్తు గిట్టదు. ఒక్క మెరుపు దెబ్బకు నాలుగు రెట్ల బాధ. ఆ పోటీలో ఇరువైపులా ఒకేసారి రెండేసి జంతువులు నిలబడతవి. గ్యారడోస్ పక్కన పచిరిసును నిలబెట్టాడు పార్క్. ఉడుతకు "ఫాలో మీ" అనే విద్య తెలుసు. అది ప్రయోగించిన ఎత్తులో, పక్కవాని మీద ఒంటరిగా గురిపెట్టిన దెబ్బలు ఉడుత వైపుకే తిరుగుతవి. వచ్చినది మెరుపు దెబ్బ అయితే మరీ మంచిది. పచిరిసుకు అది గాయం కాదు, ఆహారం. నిండు ప్రాణంలో నాలుగో వంతు తిరిగి వస్తుంది. ఈలోగా గ్యారడోస్ నిశ్చింతగా తన పని చూసుకుంటుంది.

అంతేకాదు. ఉడుత కొరికితే ఎదుటివానికి మిగిలిన ప్రాణంలో సగం పోతుంది. ఇందులో కొరికినవాని బలంతో నిమిత్తం లేదు. ఎదుటివాడు ఎంత ఘనుడైతే నష్టం అంత ఎక్కువ. బలహీనునికి యింతకన్న తగిన ఆయుధం యేముంది!

మన పులిజూదంలో ఒంటరి మేక పులికి ఎర. దాని వెనుక గడిలో మరొక మేక నిలబడితే పులి దూకలేదు. మేకలకు కోరలు మొలవలేదు, చోటు కుదిరింది, అంతే. పార్క్ జట్టంతా అలా కుదిరినదే. గార్‌చోంప్ నేలను కంపింపజేస్తే పక్కనున్న స్వపక్షానికీ దెబ్బ తగులుతుంది. కాని పక్కన ఎగిరే గ్యారడోసో, టాలన్‌ఫ్లేమ్ అనే నిప్పుడేగో వుంటే ఆ బాధ లేదు. గార్‌చోంప్‌కు సాటి డ్రాగన్ల దెబ్బ గండం. గార్డెవ్వార్ అనే మరొక సభ్యురాలికి ఆ దెబ్బ తగలనే తగలదు.

జట్టు కుదిరినా పని ముగియదు. ఆనాటి ఆట నియమం ప్రకారం ఒక్కొక్క జంతువుకు శిక్షణ మూలంగా యివ్వగలిగినవి మొత్తం 510 పాయింట్లు. ఏ ఒక్క లక్షణానికీ 252 మించకూడదు. అన్నింటా ఘనుణ్ణి చేయడం అసాధ్యం. వేగం కావాలంటే ఓర్పు తగ్గించాలి, ఓర్పు కావాలంటే దాడి వదులుకోవాలి. పార్క్ ఉడుతకు ఓర్పు ఎంచుకున్నాడు. దాని పని దెబ్బలు కాయడం గనుక. నెలజీతంతో యిల్లు గడిపే గృహిణికి ఈ లెక్క వేరే చెప్పనక్కరలేదు.

జట్టు కట్టదలచిన పిల్లలకు క్రమం యిది. మొదట నచ్చిన ఒక జంతువును ఎన్నుకుని, దానికి గిట్టనివన్నీ కాగితం మీద వ్రాయాలి. ఆ గండాలను ఎవరు కాయగలరో చూసి రెండోదాన్ని తేవాలి. ఆ రెంటికీ మిగిలిన గండాలకు మూడోది. ఇలా ఆరు. పందెంలో ఎదుటివాని ఆరుగురినీ చూసి, మన ఆరింటిలో నాలుగింటినే దింపాలి. ఓడిన ప్రతిసారీ ఏ ఎత్తులో, దేని చేత ఓడామో వ్రాసుకుంటే జట్టులోని చిల్లు తెలుస్తుంది. పచిరిసు గెలిచింది గదా అని దాన్ని తెచ్చి కుదరని జట్టులో పెడితే లాభం లేదు. అక్కడ అది ఉత్త ఉడుతే.

చదువు వేళకు చదువు, ఆట వేళకు ఆట అనే కట్టడి పెద్దలు చేయవలసిందే. కాని యంత్రం లాక్కునే ముందు ఒక్కసారి పక్కన కూర్చుని, "నీ జట్టులో ఎవరు ఎవరిని కాస్తున్నారురా?" అని అడిగి చూడండి. తడుముకోకుండా జవాబు చెబితే, వాడు ఆలోచిస్తున్నాడన్నమాట. చెప్పలేకపోతే, ఆలోచించడం అప్పుడే మొదలుపెడతాడు.

వారధి కట్టిననాడు ఉడుత మోసిన ఇసుకను మనం భక్తికి గుర్తుగా చెప్పుకుంటాం. వాషింగ్టన్‌లో మాత్రం వారధి బరువులో సగం ఉడుతే మోసింది.