ఇంట్లో నాలుగు కుక్కలు ఉంటే ఒక్కోదాన్నీ విడిగా ఎందుకు చూడాలి?

ఇవాళ్టి ఎపిసోడ్ ఇంట్లో ఒకటి కాదు, రెండు, మూడు, నాలుగు కుక్కల్ని పెంచుకుంటున్నవాళ్ల కోసం. ఒకటే ఉన్నవాళ్లు కూడా చూడండి, ఎందుకంటే రెండోది ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు! వర్షంలో తడుస్తూ గేటు దగ్గర ఓ పిల్ల కనిపిస్తుంది, "ఈ ఒక్క రాత్రికే" అంటాం, అంతే, రేషన్ కార్డు ఒక్కటే తక్కువ.

మా ఇంట్లో నాలుగున్నాయి. లక్కీ లాబ్రడార్. చిన్ని తెల్లటి స్పిట్జ్, మనవాళ్లు పొమేరియన్ అంటుంటారు చూడండి, అది. రాజా, రాణి మాత్రం వీధిలోంచి వచ్చిన మన దేశీ కుక్కలు. సందడికి లోటు లేదు, సోఫా మాకు మిగలదు. అదంతా మీకు తెలిసిందే. తెలియాల్సింది ఇంకోటుంది.

ఇంట్లో ఒక్క కుక్కే ఉంటే, దానికి బాగోలేదని గిన్నె చెప్పేస్తుంది. పెట్టిన అన్నం అలాగే ఉంటుంది కాబట్టి మనకి వెంటనే అనుమానం వస్తుంది. అదే నాలుగు ఉంటే? గిన్నెలన్నీ ఖాళీ అయిపోతాయి. తినని దాని వాటా పక్కది తినేస్తుంది. అందరూ తిన్నారు అనుకుని మనం పడుకుంటాం. పైగా కుక్కలు నొప్పిని, నీరసాన్ని అంత తొందరగా బయటపెట్టవు. మిగతావి తోకలూపుతూ పరిగెడుతుంటే ఇది కూడా లేచి వెనకాలే నడుస్తుంది. అలా గుంపులో ఒక కుక్క జబ్బు రెండు మూడు రోజులు దాగిపోతుంది. కొన్ని జబ్బులకి ఆ రెండు మూడు రోజులే ప్రాణం.

అందుకే మొదటి రూల్: ఎవరి గిన్నె వాళ్లది, ఎవరి చోటు వాళ్లది. ఒకటి వంటింటి గుమ్మం దగ్గర, ఒకటి వరండాలో, ఇంకోటి గదిలో. పదిహేను నిమిషాలు పెట్టి, మిగిలింది తీసేయాలి. రోజంతా గిన్నె నింపి ఉంచితే ఎవరు ఎంత తిన్నారో దేవుడికి కూడా తెలీదు. విడిగా పెడితే కొట్లాటలు కూడా తగ్గుతాయి. ఒకే ఇంట్లో కుక్కలు కరుచుకునేది ఎక్కువగా తిండి, బొమ్మ, పడుకునే చోటు, మన ఒడి, వీటి కోసమే.

అలా గొడవ మొదలైందనుకోండి, మధ్యలో చెయ్యి పెట్టకండి. ఆ కోపంలో మీ చెయ్యి ఎవరిదో వాటికి తెలీదు. నీళ్లు చల్లండి, పెద్ద చప్పుడు చెయ్యండి, మధ్యలో అట్టపెట్టో కుర్చీయో అడ్డం పెట్టండి. ఇంకో మాట, కుక్క గుర్రుమంటే కొట్టకండి. గుర్రుమనడం అంటే "దగ్గరికి రాకు" అని ముందే చెప్పడం. కొట్టి కొట్టి ఆ మాట మాన్పిస్తే, తర్వాత చెప్పకుండానే కరుస్తుంది.

రెండోది, మీ చేతిలో ఉన్న ఫోన్. రీల్స్ తీయడానికే కాదండి, ఇది మంచి వైద్య పరికరం కూడా. ఒక్కో కుక్క పేరుతో ఒక నోట్ ఓపెన్ చెయ్యండి. అందులో నాలుగు విషయాలు రాయండి.

ఒకటి, బరువు. ముందు మీరు కుక్కని ఎత్తుకుని మిషన్ ఎక్కండి, తర్వాత ఒక్కరే ఎక్కండి, తీసేస్తే దాని బరువు వస్తుంది. ఎత్తలేనంత పెద్దదైతే డాక్టర్ దగ్గర చూపించినప్పుడు అడిగి రాసుకోండి. నెలకోసారి చాలు.

రెండు, ఊపిరి. గాఢంగా నిద్రపోతున్నప్పుడు పొట్ట పైకి కిందికి వెళ్లడం ఒకటిగా లెక్కపెట్టండి. స్టాప్‌వాచ్‌లో 30 సెకన్లు చూసి, వచ్చిన దాన్ని రెండుతో గుణించండి. మామూలుగా నిమిషానికి 30 లోపే ఉంటుంది. చల్లటి చోట, మంచి నిద్రలో కూడా రోజూ అంతకంటే ఎక్కువ వస్తుంటే డాక్టర్‌కి చూపించాలి.

మూడు, చిగుళ్లు. బాగున్నప్పుడే ఒక ఫోటో తీసి పెట్టుకోండి. గులాబీ రంగులో ఉంటాయి, వేలితో నొక్కితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్లీ రంగు వస్తుంది. కొన్నిటికి పుట్టుకతోనే నల్ల మచ్చలుంటాయి, అందుకే ఫోటో. రేపు ఎప్పుడైనా పాలిపోయినట్టు అనిపిస్తే పోల్చి చూడొచ్చు.

నాలుగు, టీకాల తేదీలు. "అన్నిటికీ వేయించాం కదా" అనే మాట నమ్మకండి. నాలుగు ఇంటికి వచ్చిన రోజులు వేరు, తేదీలూ వేరు.

ఇప్పుడు అసలు భయపెట్టే దాని దగ్గరికి వద్దాం. గోమార్లు. కొన్ని చోట్ల పిడుదులంటారు, క్లినిక్‌లో టిక్స్ అంటారు. మన వాతావరణంలో ఇవి ఏడాది పొడవునా ఉంటాయి. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే గోధుమ రంగు గోమారి ఎర్లికియా అనే బ్యాక్టీరియాని ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి మోస్తుంది. దాన్నే మనం టిక్ ఫీవర్ అంటాం. తిండి తగ్గుతుంది, జ్వరం వస్తుంది, మూలకి పడుకుంటుంది. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ముదిరితే చిగుళ్లు పాలిపోతాయి, ముక్కులోంచి రక్తం రావచ్చు. కుక్క మామూలు టెంపరేచర్ 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్, మనకంటే ఎక్కువే. అందుకని చెవి పట్టుకుని "వేడిగా ఉంది" అనుకోవడం లెక్కలోకి రాదు. రక్త పరీక్ష చేయించాలి.

మందు ఉంది. డాక్టర్లు సాధారణంగా డాక్సీసైక్లిన్ రాస్తారు, దాదాపు నాలుగు వారాలు వాడాల్సి వస్తుంది. మూడు నాలుగు రోజులకే కుక్క లేచి తిరుగుతుంది, అప్పుడు మానేయకూడదు. మిగిలిన మాత్రలు "దీనికీ అలాగే ఉంది" అని రెండో కుక్కకి మనంతట మనం వెయ్యకూడదు. డోసు బరువుని బట్టి ఉంటుంది, పైగా రెండో దానిది వేరే జబ్బు కావచ్చు.

ఎక్కువ కుక్కలున్న ఇంట్లో ఇంకో చిక్కు ఉంది. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కుక్క మీద గుడ్లు పెట్టదు. కిందికి దిగి గోడ పగుళ్లలో, తలుపు సందుల్లో, మంచం కింద వేల గుడ్లు పెడుతుంది. మీరు ఒక్క కుక్కకే మందు వేస్తే మిగతా మూడూ వాటికి భోజనం అవుతాయి. అందుకే ఇక్కడ మాత్రం రూల్ తిరగబడుతుంది: గోమారి మందు అన్నిటికీ ఒకే రోజు, కానీ ఎవరి బరువుకి తగ్గది వాళ్లకి. అవి పడుకునే బట్టలు వేడినీళ్లలో ఉతకాలి, పగుళ్లు పూడ్చాలి. ఇంట్లో పిల్లి కూడా ఉంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. కుక్కలకి వాడే పర్మెత్రిన్ అనే మందు పిల్లులకి విషం.

బరువు సంగతి వంటింట్లో కూడా వస్తుంది. టేబుల్ మీద చాక్లెట్ మాయమైందనుకోండి. ముప్పై కిలోల లాబ్రడార్ తింటే కడుపు పాడవడంతో పోయేది, ఐదు కిలోల స్పిట్జ్ తింటే ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఎవరు తిన్నారు, ఎంత తిన్నారు అన్నది ముందు తేల్చాలి. తేలకపోతే అన్నిటినీ తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లడమే. రేపర్ కూడా పట్టుకెళ్లండి. ద్రాక్ష, కిస్మిస్ కిడ్నీలని దెబ్బతీస్తాయి, అంటే మన సేమ్యా పాయసం కూడా వద్దు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలని పాడుచేస్తాయి, అంటే ఆదివారం మిగిలిన బిర్యానీ కూడా వద్దు. ఉడికించిన చికెన్ ఎముకలు చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లో జైలిటాల్ ఉంటే కుక్క రక్తంలో షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ సొంతంగా అస్సలు వెయ్యకండి.

ఎండాకాలంలో కూడా అంతే, నాలుగూ ఒక్కటి కాదు. కుక్కలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి ఒగరుస్తూ వేడి బయటికి పంపుకుంటాయి. పగ్ లాంటి చప్పిడి ముక్కు వాటికి ఆ పని సరిగ్గా జరగదు. దేశీ కుక్క తట్టుకున్న ఎండలో పగ్ కూలిపోవచ్చు. రోడ్డు మీద మీ అరచెయ్యి వెనకవైపు ఏడు సెకన్లు పెట్టలేకపోతే, వాటి పాదాలూ పెట్టలేవు. వడదెబ్బ అనిపిస్తే నీడకి తెచ్చి, ఒళ్లంతా కుళాయి నీళ్లతో తడిపి, ఫ్యాన్ వేసి, వెంటనే క్లినిక్‌కి తీసుకెళ్లండి.

కొత్త పిల్లని తెచ్చుకుంటే కనీసం రెండు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెతో ఉంచండి. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. పిల్లలకి ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకా మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు దాటేదాకా వేయించాలి.

రేబిస్ టీకా మాత్రం ఏ ఒక్కదానికీ తప్పకూడదు. "మాది బయటికే వెళ్లదు" అన్నా సరే. లక్షణాలు కనిపించాక రేబిస్ నుంచి బతకడం దాదాపు అసాధ్యం, కుక్కకైనా మనిషికైనా. ఆటలో పన్ను దిగినా, గోరు గీరినా, సబ్బుతో ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, కాఫీ పొడి పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి, చెప్పిన అన్ని రోజులకీ టీకా వేయించుకోండి. మన కుక్కే కదా అని ఊరుకోకండి. ప్రేమకి, వైరస్‌కి సంబంధం లేదు.

ఇదంతా పెద్ద పనిలా అనిపించొచ్చు. రోజుకి ఒక్కో కుక్కకి ఐదు నిమిషాలు, అంతే. చెవులు, వేళ్ల సందులు, చిగుళ్లు చూస్తూ ఒళ్లంతా నిమరడం. మిగతావి గది బయట ఉండాలి. ఆ ఐదు నిమిషాలు మీ చెయ్యి, మీ మాట పూర్తిగా తనవే అని దానికి తెలుస్తుంది. గుంపులో వెనక నిలబడే భయస్తురాలు ఉంటుంది చూడండి, మా రాణి లాంటిది, దానికి ఆ ఐదు నిమిషాలే పండగ.

ఈ రాత్రి అన్నీ పడుకున్నాక ఒకదాని పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టి, నోట్‌లో మొదటి లైన్ రాయండి. రేపు రెండోదానికి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.